ఆరు సెంటీమీటర్ల ఖాళీ: ఒక కాలు, ఒక పల్లె డాక్టరు కనిపెట్టిన పద్ధతి

రోగి వయసు 36. ట్రాక్టర్ డ్రైవర్. మా దగ్గరికి వచ్చేనాటికి ప్రమాదం జరిగి పదకొండు నెలలైంది. కుడి మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, అంటే టిబియా, సగానికి కాస్త దిగువన ముక్కలైంది. చర్మం చీలిపోయి ఎముక బయటపడ్డ ఫ్రాక్చర్ అది, ఇలాంటి గాయాల తీవ్రతను చెప్పే గస్టిలో వర్గీకరణ ప్రకారం 3బి. మొదట చూసిన చోట గాయం శుభ్రం చేసి, పక్కనున్న కండ తిప్పి ఎముకను కప్పి, తర్వాత ప్లేటు వేశారు. రెండు నెలలు తిరగకుండానే చీము మొదలైంది. ప్లేటు తీశారు, పిండికట్టు వేశారు, యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇచ్చారు. చీము ఆగలేదు, ఎముక అతకలేదు. చివరికి మోకాలి కింద తీసేయడం మేలని చెప్పారట. ఆ మాట విన్నాక ఎక్స్‌రేల సంచీ పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. (రోగి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.)

పరీక్ష చేస్తే కాలి ముందు భాగంలో రెండు రంధ్రాలు, రెంటి నుంచీ చీము కారుతోంది. విరిగిన చోటికి పైనా కిందా పట్టుకుని కదిపితే కాలు అక్కడే ఊగుతోంది, అయినా పెద్దగా నొప్పి లేదు. ఎముక అతుక్కునే ప్రయత్నం మానేసి చాలా కాలమైందన్నమాట. కాలు ఒకటిన్నర సెంటీమీటర్లు పొట్టి అయింది. చీలమండ కిందికి వంగి బిగుసుకుంది. రోజుకో కట్ట బీడీలు. ఎక్స్‌రేలో విరిగిన అంచుల మధ్య తెల్లగా, చుట్టూ ఏ సంబంధమూ లేకుండా ఒక చచ్చిన ఎముక ముక్క కనబడుతోంది. చీము కల్చర్‌లో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా పెరిగింది.

ఇన్ని చెడ్డ సంగతుల మధ్య రెండు మంచివి ఉన్నాయి. అరికాలిలో స్పర్శ పూర్తిగా ఉంది. పాదంలో రెండు నాడులూ చేతికి బాగా తగులుతున్నాయి. ఈ రెండూ ఉన్న కాలును నేను తొందరపడి వదులుకోను.

చచ్చిన ఎముకంతా తీసేస్తే ఆరు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుందని అంచనా వేశాం. చీము పట్టిన చోట అంత ఖాళీలో తుంటి ఎముక నుంచి తెచ్చిన గ్రాఫ్ట్ నింపితే అది చాలావరకు కరిగిపోతుంది. రెండో కాలి ఫిబ్యులాను, అంటే టిబియా పక్కనుండే సన్న ఎముకను, రక్తనాళాలతో సహా తెచ్చి అతికించవచ్చు, కానీ దానికి మైక్రోసర్జరీ టీమ్ కావాలి. మాస్కెలే పద్ధతి ఉంది. ఎముకలకు వాడే సిమెంటు ముద్ద పెట్టి, దాని చుట్టూ పొర ఏర్పడ్డాక తీసి గ్రాఫ్ట్ నింపుతారు. చీము పూర్తిగా ఆగితేనే అది నిలుస్తుంది, పైగా చాలా గ్రాఫ్ట్ కావాలి. కాలు తీసేసి మంచి కృత్రిమ కాలు పెట్టడం కూడా గౌరవప్రదమైన వైద్యమే. ఆ మాట దాచకుండా చెప్పాను. వయసు మీరి, షుగర్ అదుపులో లేక, పాదంలో స్పర్శ పోయిన వాళ్లకు నేనే ఆ సలహా ఇస్తాను.

మేం ఎంచుకున్నది బోన్ ట్రాన్స్‌పోర్ట్. ఇలిజారోవ్ ఫ్రేమ్, అంటే కాలి చుట్టూ రింగుల చట్రం, వేసి, మోకాలి దిగువన మంచి ఎముకను కోసి, ఆ ముక్కను రోజుకో మిల్లీమీటరు చొప్పున కిందికి జరుపుకుంటూ వెళ్లాలి. జరిగే కొద్దీ దాని వెనకాల కొత్త ఎముక పుడుతుంది. ముక్క కిందికి చేరేసరికి ఖాళీ పూడుతుంది. ఖాళీ నింపడానికి వేరే చోటి నుంచి ఎముక తేనక్కర్లేదు. దాదాపు ఏడాది పడుతుందని, ఆ ఏడాదిలో సగం పని మీ ఇంట్లో మీ చేతుల మీదే జరగాలని భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాం. బీడీ మానితేనే మొదలుపెడతామని కూడా చెప్పాం. పొగాకు తాగేవాళ్లలో ఎముక అతకడం ఆలస్యమవుతుందని తెలిసి తెలిసి ఏడాది పాటు ఫ్రేమ్ మోయించడం న్యాయం కాదు.

ఈ పద్ధతిలో పెట్టుకున్న ప్రతి నియమం ఎందుకుందో అర్థం కావాలంటే అది ఎక్కడ పుట్టిందో తెలియాలి. అందుకే కేసు మధ్యలో గవ్రీల్ అబ్రమోవిచ్ ఇలిజారోవ్ గురించి చెబుతున్నాను.

ఆయన 1921 జూన్ 15న పోలండ్‌లోని బ్యాలోవియెజాలో పుట్టాడు. పెరిగింది అజర్‌బైజాన్ కొండల్లోని కుసార్‌లో. పేద కుటుంబం, తండ్రి త్వరగా పోయాడు. క్రిమియా మెడికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాక యుద్ధం వచ్చింది. కాలేజీని కజకిస్తాన్‌లోని కిజిలోర్దాకు తరలించారు. 1944లో చదువు పూర్తి కాగానే సైబీరియా పశ్చిమ అంచున ఉన్న కుర్గాన్ ప్రాంతానికి పంపారు. డొల్గోవ్కా అనే ఊళ్లో పోస్టింగ్. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయనొక్కడే డాక్టరు. కాన్పులు, జ్వరాలు, అపెండిక్స్, విరిగిన ఎముకలు, ఏదొచ్చినా ఆయనే చూడాలి. ఎముకల వైద్యంలో ప్రత్యేక శిక్షణ లేదు. చుట్టూ చూస్తే యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనుషులు, అతకని ఎముకలు, ఏళ్ల తరబడి చీము కారే కాళ్లు. అప్పటి వైద్యం నెలల తరబడి పిండికట్టు, లేదంటే మంచానికి కట్టేసి బరువు వేలాడదీసే ట్రాక్షన్. ఎముక అతికేలోపు కండరాలు ఎండిపోయేవి, కీళ్లు బిగుసుకుపోయేవి. ఇంట్లో పని చేయాల్సిన మనిషి మంచం మీదే ఉండిపోయేవాడు.

ఈ సమస్యకు జవాబుగా వచ్చిందే ఫ్రేమ్. కాలి చుట్టూ ఉక్కు రింగులు, చర్మం గుండా ఎముకలోంచి అడ్డంగా దూసుకుపోయే సన్నని వైర్లు, రింగుల మధ్య మరలున్న కడ్డీలు, నట్లు. ఒక్కో వైరు ఒకటిన్నర నుంచి 1.8 మిల్లీమీటర్ల మందమే. చూస్తే ఇంత సన్నది మనిషి బరువును ఎలా మోస్తుందనిపిస్తుంది. సైకిల్ చక్రంలో పుల్లలు బిగువుగా ఉండబట్టే చక్రం నిలుస్తుంది కదా, ఇదీ అంతే. వైరును రింగుకు బిగించే ముందు పెద్దవాళ్లలో 110 నుంచి 130 కిలోల బలంతో లాగి పట్టిస్తాం. గుర్రపు బండి కాడిని చూసి ఇలిజారోవ్‌కు ఈ ఫ్రేమ్ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1950లో కుర్గాన్ ప్రాంతీయ ఆసుపత్రికి మారాడు. 1951కల్లా పరికరం తయారైంది. 1952లో దరఖాస్తు పెడితే 1954లో ఆవిష్కరణ పత్రం చేతికొచ్చింది. ఆ పరికరంలో మామూలు మెషీన్ వర్క్‌షాప్‌లో చేయలేని భాగం ఒక్కటీ లేదు. కాలు విరిగిన మనిషి దాంతోనే లేచి నడవొచ్చు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

అప్పట్లో ఆయన ఉద్దేశం విరిగిన అంచులను ఒకదానికొకటి నొక్కి పట్టడమే. లాగితే ఎముక పుడుతుందన్నది తర్వాత తెలిసింది. ఒక రోగి నట్లను పొరపాటున వ్యతిరేక దిశలో తిప్పుకున్నాడని, ఖాళీ పెరిగిందని, ఆ ఖాళీలో కొత్త ఎముక నీడ ఎక్స్‌రేలో కనబడిందని చెబుతారు. అది ఎలా జరిగినా, దాన్ని పొరపాటు కింద కొట్టేయకుండా కుక్కల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి లెక్క తేల్చాడు. రోజుకు అర మిల్లీమీటరు లాగితే ఎముక ముందే అతుక్కుపోతుంది. రెండు మిల్లీమీటర్లు లాగితే సరిగా పుట్టదు, చుట్టూ ఉన్న కండరాలూ నరాలూ దెబ్బతింటాయి. ఒక మిల్లీమీటరు సరైన వేగం. అదే మిల్లీమీటరును ఒకేసారి కాకుండా చిన్న చిన్న భాగాలుగా జరిపితే ఇంకా మంచిది. రోజుకు ఒక్కసారి, నాలుగు సార్లు, యంత్రంతో అరవై సార్లు జరిపి పోల్చి చూశాడు. సార్లు పెరిగే కొద్దీ ఎముక నాణ్యత పెరిగింది. ఇంటి దగ్గర మనిషి చేత్తో చేయగలిగింది నాలుగు సార్లు. అందుకే మా రోగులందరికీ పావు మిల్లీమీటరు, నాలుగు పూటలు.

ఇక మా రోగి సంగతి. మొదటి పని చచ్చినదంతా తీయడం. నేను అందరికన్నా గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. అంచు నుంచి చిన్న చిన్న రక్తపు చుక్కలు ఊరే దాకా ఎముక చెక్కుతూనే ఉన్నాం. ఖాళీ పెద్దదవుతుందేమోనన్న భయంతో పాడైన ఎముక వదిలేస్తే చీము మళ్లీ వస్తుంది, అప్పుడు ఎన్ని రింగులు వేసినా వృథా. అనుకున్నట్టే ఆరు సెంటీమీటర్ల ఖాళీ వచ్చింది. యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు పూసలు పెట్టి, గాయం నెమ్మదించి, రక్త పరీక్షలు కుదుటపడ్డాక ఫ్రేమ్ వేశాం.

మోకాలి దిగువన ఎముక కోయడం ఈ ఆపరేషన్‌లో సున్నితమైన ఘట్టం. రంపం వాడలేదు. ఎముక వేడెక్కితే అక్కడి కణాలు చస్తాయి. చర్మం మీద చిన్న గాటు పెట్టి, ఎముక మీది పొరను, అంటే పెరియాస్టియాన్ని, జాగ్రత్తగా పక్కకు తప్పించి, సన్నని ఉలితో పై గట్టి భాగాన్ని, అంటే కార్టెక్స్‌ను, మాత్రం కోశాం. లోపలి మూలుగను వీలైనంతవరకు ముట్టుకోలేదు. కొత్త ఎముకకు రక్తం వచ్చేది ఆ పొర నుంచి, ఆ మూలుగ నుంచే. కార్టెక్స్‌ను మాత్రమే కోస్తాం కాబట్టి దీన్ని కార్టికాటమీ అంటారు.

ఒక వారం ఏమీ తిప్పకుండా ఆగాం. తర్వాత నట్టు తిప్పడం నేర్పించాం. కడ్డీ మీద మరల మధ్య దూరం ఒక మిల్లీమీటరు, కాబట్టి పూర్తి చుట్టుకు ఒక మిల్లీమీటరు, పావు చుట్టుకు పావు మిల్లీమీటరు. ఆరు ముఖాల నట్టుతో పావు చుట్టు గుర్తుపెట్టుకోవడం కష్టం, అందుకే నాలుగు ముఖాల నట్లు వేశాం. ఒక ముఖం మీద గోళ్ల రంగు చుక్క పెట్టింది రోగి భార్య. ముందు కింది నట్టు పావు చుట్టు వదులు చేయాలి, తర్వాత పై నట్టు పావు చుట్టు బిగించాలి, తర్వాత పక్క కడ్డీకి వెళ్లాలి. అన్ని కడ్డీలూ అయ్యేదాకా మధ్యలో లేవకూడదు. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పడుకునే ముందు. ఆమె మా ముందు తప్పు లేకుండా చేసి చూపించాకే ఇంటికి పంపాం. వాళ్ల అమ్మాయి క్యాలెండర్‌లో ప్రతి గడిలో నాలుగు గీతలు గీసేది. చెకప్‌కు వచ్చినప్పుడల్లా ఎక్స్‌రే కన్నా ముందు ఆ క్యాలెండరే అడిగి చూసేవాళ్లం.

మొదటి ఎక్స్‌రే రోజు అతను బాగా టెన్షన్ పడ్డాడు. కోసిన చోట ఖాళీ పెరిగింది, అందులో నల్లగా తప్ప ఏమీ లేదు. "ఉన్న ఎముకను కూడా విడగొట్టేశారు, కొత్తది ఏదీ డాక్టరు గారూ?" అన్నాడు. తప్పేం లేదు, ఎవరికైనా అలాగే ఉంటుంది. లాగిన ఖాళీలో ముందు మెత్తటి పీచు కణజాలం ఏర్పడుతుంది. రెండు అంచుల నుంచి దానిలోకి సున్నం చేరుతూ నిలువు గీతల్లా ఎముక స్తంభాలు పెరుగుతాయి. అవి ఎక్స్‌రేలో కనబడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. తర్వాతి సారి అవి కనబడ్డాయి, చాలా పలచగా, కాలి పొడవునా. ఆ ఫిల్మ్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి ఒక్కో గీతా వేలితో చూపించాను. ఆ తర్వాత అతని నడకే మారింది. మొదట్లో బరువు వేయమంటే పాదం నేలకు ఆనించి తీసేసేవాడు. ఇప్పుడు చేతి కర్రల మీద నుంచి నిజంగా బరువు దించడం మొదలుపెట్టాడు. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది. నడిపించడానికి కాకపోతే ఈ ఫ్రేమ్ అవసరమే లేదు.

అన్నీ సాఫీగా జరగలేదు. రెండో నెలలో రెండు వైర్ల దగ్గర చర్మం ఎర్రబడి, రసి కారింది. మరిగించి చల్లార్చిన ఉప్పు నీళ్లతో రోజూ శుభ్రం చేసి, కొన్నాళ్లు మాత్రలు వాడితే ఒకటి తగ్గింది. రెండోది వదులైపోయింది, తీసి వేరే చోట కొత్తది వేశాం. జరుగుతున్న ముక్క ఒక పక్కకు వాలడం ఎక్స్‌రేలో కనబడితే లోహపు పూసలున్న వైరుతో లాగి సరిచేశాం. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. నాలుగో నెలలో ఒకసారి వచ్చి ఫ్రేమ్ తీసేయమని గట్టిగా అడిగాడు. అదే జబ్బుతో అదే ఫ్రేమ్ వేయించుకుని నడుస్తున్న మరో రోగిని పక్కన కూర్చోబెట్టాం. డాక్టరు గంట మాట్లాడినా రాని ధైర్యం ఆ మనిషి కాలు చూస్తే వచ్చింది. కుర్గాన్‌లో రోగులంతా వార్డుల్లో ఒకరి ఎదుట ఒకరు ఫ్రేములతోనే తిరుగుతూ ఉండేవారు. ఆ ఏర్పాటులోనే సగం వైద్యముందని నా నమ్మకం.

ముక్క కింది అంచును చేరాక అది దానంతట అదే అతుక్కుంటుందని వదిలేయలేదు. ఇన్నాళ్లు ఖాళీలో ప్రయాణం చేసిన అంచు మీద పీచు పొర పేరుకుంటుంది. దాన్ని గీకి, తుంటి నుంచి కొద్దిగా గ్రాఫ్ట్ తెచ్చి పెట్టాం. ఆ తర్వాత ఎదురుచూడటమే. రెండు కోణాల ఎక్స్‌రేల్లో కలిపి నాలుగు అంచులుంటే కనీసం మూడు గట్టిపడ్డాయని తేలాకే నట్లు కొద్దికొద్దిగా వదులు చేసి, నడిపించి, నొప్పి లేదని చూసుకుని ఫ్రేమ్ తీశాం. మొత్తం పది నెలలు పట్టింది. సెంటీమీటరుకు నెల, నెలన్నర అన్న మామూలు లెక్కకు ఇది కాస్త ఎక్కువే. తర్వాత ఆరు వారాలు మోకాలి దిగువన బరువు ఆనేలా పిండికట్టు వేశాం.

రెండేళ్ల తర్వాత చూస్తే చీము లేదు, ఎముక నిటారుగా ఉంది, కాలు ఒక సెంటీమీటరు పొట్టి. మళ్లీ ట్రాక్టర్ నడుపుతున్నాడు. చీలమండ మాత్రం పైకి అయిదు డిగ్రీలకు మించి లేవదు, గొంతుక్కూర్చోలేడు.

ఇలాంటి ఫలితాలు 1960లలోనే కుర్గాన్‌లో వస్తున్నా, మాస్కో పెద్దలు నమ్మలేదు. ఫిట్టర్ పని చేసుకునే డాక్టరని ఎద్దేవా చేశారు. హైజంప్‌లో 1964 టోక్యో ఒలింపిక్స్ బంగారు పతకం గెలిచిన వలేరీ బ్రూమెల్‌కు 1965లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కుడి కాలు నుజ్జయింది. ఎన్నో ఆపరేషన్లయ్యాయి, కాలు పొట్టిదైపోయింది, చీము ఆగలేదు. 1968లో కుర్గాన్ వెళ్లాడు. తర్వాత మళ్లీ రెండు మీటర్ల పైన దూకాడు. 1968లోనే రష్యాలోని పెర్మ్ నగరంలో ఇలిజారోవ్ సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి అడిగిన డిగ్రీ కాక అంతకన్నా పై డాక్టరేట్ ఇచ్చారు. 1971లో కుర్గాన్‌లో ఆయన నాయకత్వంలో పరిశోధనా సంస్థ వచ్చింది. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీ కాలు 1961లో స్కీయింగ్‌లో విరిగి వంకరగా ఉండిపోయింది. నార్వే సాహసయాత్రికుడు తోర్ హెయర్‌డాల్ సముద్రయాత్రలో తోడున్న రష్యన్ డాక్టరు సలహాతో 1980లో కుర్గాన్ వెళ్లి బాగై తిరిగొచ్చాడు. ఆ కాలు చూసి ఇటలీలోని లెక్కో నగరపు డాక్టర్లు ఆశ్చర్యపోయి, 1981లో అక్కడి బెల్లాజియోలో జరిగిన సమావేశానికి ఇలిజారోవ్‌ను పిలిచారు. పశ్చిమ దేశాలకు ఈ పద్ధతి తెలిసింది అప్పుడే, పరికరం తయారైన ముప్పై ఏళ్లకు. ఇంత పేరొచ్చినా ఆయన 1992 జూలై 24న చనిపోయేదాకా కుర్గాన్ వదల్లేదు. వార్డుల్లో పిల్లలకు ఇంద్రజాలం చేసి చూపించేవాడట. ఆ సరదా ఆయనకు జీవితాంతం ఉంది.

ఇప్పుడు కంప్యూటర్ లెక్కలతో ఆరు కడ్డీల ఫ్రేములొచ్చాయి. ఎముక లోపలే ఉండి అయస్కాంతంతో పొడవయ్యే నెయిల్స్ వచ్చాయి. వాటిలో దేన్ని తీసుకున్నా వేగం ఆ రోజుకో మిల్లీమీటరు చుట్టూనే తిరుగుతుంది. వీటికన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. చాలాచోట్ల రింగులు వేయడం నేర్చుకున్నారు గానీ, ఆ తర్వాతి పది నెలల బాధ్యత ఎవరిదో తేల్చుకోలేదు. రోగి ఎవరిని అడగాలో తెలియక నట్లు తిప్పడం ఆపేస్తాడు, లేదా చీము పట్టిన వైరుతో నెలలు గడిపేస్తాడు. తర్వాత ఆ కాలును చూసిన వాళ్లు పద్ధతినే తప్పుపడతారు. ఫోన్ చేస్తే ఎత్తే ఒక నర్సు, వారానికో రోజు ఫ్రేమ్ ఓపీ, కట్టు కట్టడం నేర్చుకున్న ఇంటి మనిషి ఒకరు ఉండాలి. ఈ మూడూ లేనిచోట ఈ ఆపరేషన్ మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. ఒక్క డాక్టరున్న ఊళ్లో పుట్టిన పద్ధతి కాబట్టే, డాక్టరు లేని గంటల్లో రోగి ఏం చేయాలన్నది అందులో మొదటి నుంచీ భాగంగా ఉంది.

ఈ రోగి చీలమండను చూశాక, ఆ విషయంలో మాత్రం మా పద్ధతి కొంత మార్చుకున్నాం. టిబియా కింది సగంలో ఖాళీ ఉండి, పాదం అప్పటికే కిందికి వంగి ఉంటే, మొదటి రోజే ఫ్రేమ్‌కు పాదం రింగు కూడా కలిపి, మడమ ఎముకలో వైర్లు వేసి పాదాన్ని తిన్నగా పట్టి ఉంచుతున్నాం. ఫిజియోథెరపిస్టు కూడా రెండో రోజు నుంచే వేళ్లను, మోకాలిని కదిలించడం మొదలుపెడుతున్నారు. ముక్క కిందికి చేరి గట్టిపడ్డాక పాదం రింగు ముందుగా తీసేసి, మిగతా ఫ్రేమ్ ఉండగానే చీలమండకు వ్యాయామం ఇస్తున్నాం.